వెర్జాస్కా వెంట ఒక ఊరి జనాభా లెక్క

స్విట్జర్లాండ్ దక్షిణ కొసన ఇటాలియన్ మాట్లాడే టిచీనో రాష్ట్రం ఉంది. అక్కడ 2,864 మీటర్ల ఎత్తున్న పీజ్జో బరోనె శిఖరం కింద వెర్జాస్కా నది పుడుతుంది. అది కలిసే మజ్జోరె సరస్సు సముద్రమట్టానికి 193 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. రెండు వేల మీటర్లకు పైబడిన ఆ దిగుడంతా సుమారు ముప్ఫై కిలోమీటర్లలో అయిపోతుంది కనుక ఈ నదికి తీరుబడిగా పారే తావు చాలా తక్కువ. బండరాళ్లను నున్నగా కోసుకుంటూ, మడుగు మడుగునా పచ్చల రంగు తేలుతూ కిందికి ఉరుకుతుంది. దాని పైన కొండవాలు మీద కొరిప్పో అనే ఊరు ఉంది. పన్నెండు మంది మిగిలిన ఊరుగా, దేశంలోకెల్లా చిన్న కమ్యూన్‌గా (స్థానిక పాలనా విభాగంగా) అది చాలాకాలం పత్రికలకెక్కింది. ఆ అంకె తప్పు కాదు. దాన్ని చదివే తీరు తప్పని నా వాదన. ఇలాంటి లోయలో ఒక ఊరి జనాన్ని ఊరి పొలిమేరలో నిలబడి లెక్కపెట్టకూడదు. నది పొడవునా, పై గడ్డిబయళ్ల నుంచి సరస్సు ఒడ్డు దాకా లెక్కపెట్టాలి.

లోయకు చిట్టచివరి ఊరు సొనోన్యో. తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నిలబడి చూస్తే మూడు వైపులా గోడలా లేచిన కొండలే. దున్నడానికి చదును నేల చారెడు చారెడుగా దొరుకుతుంది. రై ధాన్యం, చెస్ట్‌నట్ కాయలు, మేకలు, ఆవులు, కొండచరియల అంచున ప్రాణాలకు తెగించి కోసుకొచ్చే ఎండుగడ్డి, ఇదీ ఇక్కడి బతుకుతెరువు. ఆ పంట ఆ నోళ్లకు చాలేది కాదు. అందుకే ఈ లోయ పిల్లలు చలికాలంలో మిలాన్ వంటి ఉత్తర ఇటలీ నగరాలకు పొగగొట్టాలు శుభ్రం చేయడానికి వెళ్లేవారు. సన్నని గొట్టాల్లోకి దూరాలంటే పసి ఒళ్లు కావాలి కనుక పిల్లలనే తీసుకెళ్లేవారు. లీజా టెట్జ్నర్ 1941లో వెలువరించిన నవలలో కథానాయకుడు జోర్జో సొనోన్యో కుర్రాడే. ఆ పుస్తకం వల్లనే జర్మన్ మాట్లాడే పాఠకుల్లో తరతరాలకు ఈ లోయ పేరు తెలిసింది. 19వ శతాబ్ది నడిమిలో బంగారం వార్తలు విని ఆస్ట్రేలియాకు, కాలిఫోర్నియాకు ఓడెక్కినవారూ తక్కువ కాదు. అంటే జనం ఈ లోయను దాటి వెళ్లడం నిన్న మొన్నటి సంగతి కాదు. బయటికి వెళ్లి సంపాదించి తేవడం ఇక్కడి వ్యవసాయంలో ఒక భాగంగానే ఉండేది.

అయితే దూరదేశాల వలస కన్నా నాకు ముఖ్యంగా తోచేది ఏటేటా సాగిన దగ్గరి వలస. ఫ్రాస్కో, జెర్రా, బ్రియోనె, లవెర్తెజ్జో అంటూ నది వెంట ఊళ్లు వరసగా వస్తాయి. బ్రియోనె చర్చి గోడల మీద 14వ శతాబ్దపు చిత్రాలున్నాయి. ఇంత మారుమూల అంతటి పనితనం ఎలా వచ్చిందా అనిపిస్తుంది కానీ, ఈ లోయ ఎన్నడూ తలుపులు మూసుకుని కూర్చోలేదని తెలిస్తే ఆ ఆశ్చర్యం ఉండదు. ఇక్కడి కుటుంబాలు ఎండాకాలంలో పశువులను పై గడ్డిబయళ్లకు తోలేవి. చలి ముదిరితే సామానూ మందలతో సహా నది దిగి సరస్సు దగ్గరి మగాదినో మైదానానికి చేరేవి. అక్కడ వాళ్లకు ద్రాక్షతోటలు, పశువుల కొట్టాలు, రెండో ఇల్లు ఉండేవి. వసంతంలో మళ్లీ పైకి. కొన్ని ఊళ్ల సరిహద్దులే ఈ రాకపోకలకు సాక్ష్యం. లవెర్తెజ్జో కమ్యూన్‌కు లోయలో ఒక ముక్క, మైదానంలో ఇంకో ముక్క ఉండేవి, నడుమ ఇతరుల నేల. జెర్రాదీ అదే తీరు. పటంలో చూస్తే ఇదేదో గుమాస్తా పొరపాటులా కనిపిస్తుంది. నిజానికి ఊరు అంటే ఒక చోటు కాదని, ఏడాది పొడవునా నడిచే ఒక దారి అని పాలకులే ఒప్పుకున్న గుర్తు అది. అలా నడిచే జనాన్ని ఏ నెలలో, ఏ ఎత్తులో లెక్కపెడితే సరైన అంకె వస్తుంది?

లవెర్తెజ్జోకు కాస్త దిగువన, పెద్ద రోడ్డు నుంచి చీలి ఎదుటి కొండకు ఎగబాకితే కొరిప్పో. నీస్ రాతి గోడలు, రాతిపలకల కప్పులు, ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్లు, వాటి మధ్య చర్చి గంటగోపురం. పచ్చికకు పనికొచ్చే నేలను వదిలేసి నిటారు వాలు మీదనే ఇళ్లు కట్టుకున్నారంటే జానెడు నేల వాళ్లకెంత విలువైనదో అర్థమవుతుంది. 19వ శతాబ్ది మధ్యలో ఇక్కడ మూడు వందలకు దగ్గరగా జనం ఉండేవారు. 1950 నాటికి డెబ్బై పైచిలుకు, 2000లో 22. ఆ మిగిలినవారిలోనూ ఎక్కువమంది పెద్దవయసు వాళ్లే. ఊరు ఖాళీ అయినకొద్దీ ఇళ్లు మారకుండా నిలిచాయి. కొత్తగా కట్టేవారు లేరు, పాతవి కూల్చేవారూ లేరు. 1975లో ఐరోపా వాస్తు వారసత్వ సంవత్సరం వచ్చినప్పుడు కొరిప్పోను కాపాడదగిన ఆదర్శంగా ఎంచుకున్నారు. ఆ ఏడాది పేరుతోనే ఒక ఫౌండేషన్ ఏర్పడింది. మనుషులు లేకపోవడమే ఇళ్లను కాపాడిందన్నది చెప్పడానికి కష్టంగా ఉన్నా నిజం.

ఈ క్షీణతకు ఆనకట్టే కారణమని చాలామంది అంటారు. కొరిప్పోకు కొద్ది దిగువన వొగోర్నో దగ్గర నది జలాశయంగా మారుతుంది. 1960–65 మధ్య కట్టిన ఈ వంపు ఆనకట్ట ఎత్తు 220 మీటర్లు. 1995 నాటి జేమ్స్ బాండ్ సినిమా గోల్డెన్‌ఐ మొదటి దృశ్యంలో హీరో దూకేది దీని మీద నుంచే. నీరు నింపుతున్నప్పుడు చుట్టుపక్కల నేల కంపించింది. పాత రోడ్డూ, వొగోర్నో వైపు కొన్ని ఇళ్లూ, పొలాలూ మునిగాయి. ఆ నష్టాన్ని చిన్నది చేసి మాట్లాడను. నది తన వేగాన్నే పోగొట్టుకుంది. కానీ అంకెలు చూడండి: ఆనకట్టకు పదేళ్ల ముందే కొరిప్పో తన జనంలో మూడొంతులు పోగొట్టుకుంది. అసలు కారణం ఇంకా కిందికి వెళ్తేనే కనబడుతుంది. మగాదినో మైదానం ఒకప్పుడు వరదలకూ మలేరియాకూ నెలవు. చలికాలం గడుపుకోవడానికి బాగుండేది, వేసవిలో ఉంటే జ్వరాలు. 1888లో ఆ మైదానం గుండా పారే టిచీనో నదికి కట్టలు వేసి దారి మళ్లించే పని మొదలైంది. చిత్తడి ఆరింది. రైలు, ఫ్యాక్టరీలు, బడులు, జీతం వచ్చే పనులు అక్కడే చేరాయి. ఏడాదికి రెండుసార్లు కాపురం మోసుకుని తిరిగే కుటుంబానికి ఇక కింది ఇల్లే సొంత ఇల్లయింది. లోయ ఖాళీ అయింది ఎక్కువగా నీరు పైకి రావడం వల్ల కాదు, మైదానంలో నీరు తగ్గిపోవడం వల్ల.

నది పొడవునా లెక్కపెట్టాలన్న నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. ఎక్కడికో వెళ్లిన వాళ్లను కలుపుకుని ఊరు బతికే ఉందనడం ఓదార్పే తప్ప లెక్క ఎలా అవుతుంది? బడి లేదు, పిల్లలు లేరు, పాలకమండలికి నిలబడేవారు లేరు. నిజమే, పన్నెండు మంది ఒక కమ్యూన్ నడపలేరు. 2020 అక్టోబర్ 18న కొరిప్పో ఇరుగుపొరుగు ఊళ్లతో కలిసి వెర్జాస్కా అనే ఒకే కమ్యూన్ అయింది. ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. లవెర్తెజ్జో, జెర్రాల లోయ ముక్కలు అదే రోజు మైదానపు ముక్కల నుంచి విడిపోయి ఈ కొత్త కమ్యూన్‌లో కలిశాయి. వందల ఏళ్ల పాటు పైనుంచి కిందికి ఒక్కటిగా ఉన్న ఊళ్లు అడ్డంగా తెగాయి. కానీ స్విస్ చట్టంలోనే నా వాదనకు బలముంది. అక్కడి పౌరుడి పాస్‌పోర్టులో పుట్టిన ఊరి పేరు కాదు, వంశం తాలూకు ఊరి పేరు ఉంటుంది. టిచీనోలో పాట్రిట్సియాతో అనే పాత సంఘాలు ఉమ్మడి అడవులనూ గడ్డిబయళ్లనూ ఇప్పటికీ నిర్వహిస్తాయి. వాటి సభ్యత్వం వంశంతో వచ్చేది, నివాసంతో కాదు. ఊరిలో ఉండేవారు వేరు, ఊరివారు వేరు అని ఆ దేశం రెండు చిట్టాలు రాస్తోంది. పత్రికలు మాత్రం ఒక్క చిట్టానే చదువుతున్నాయి.

అంతమాత్రాన వేసవి సందడిని ఊరి పునర్జన్మ అనుకోను. ఫౌండేషన్ పాడుబడిన ఇళ్లను బాగుచేసి, ఊరంతా గదులు విస్తరించిన హోటల్‌ను 2022లో తెరిచింది. ఇళ్లను వాటి రూపంలోనే నిలబెట్టినందుకు దాన్ని మెచ్చుకుంటాను. కానీ అతిథి పడక పౌరుడి పడక కాదు. సెలవు ఇళ్ల సంగతీ అంతే. సెలవు ఇళ్లు ఇరవై శాతం దాటిన కమ్యూన్‌లలో కొత్తవి కట్టకుండా 2012లో స్విస్ ఓటర్లు స్వల్ప మెజారిటీతో అడ్డుకట్ట వేశారు. దాంతో కొత్త కట్టడాలు ఆగుతాయి, పాత ఇంట్లో జనవరిలో పొయ్యి వెలిగించే మనిషి మాత్రం దొరకడు. ఆనకట్ట దాటి నది ఇరుకు కనుమలోంచి మైదానంలోకి దిగే చోట గోర్డోలా, టెనెరో ఉన్నాయి. ఒక్క గోర్డోలా జనాభాయే నాలుగు వేలు దాటింది. పై లోయ ఊళ్లన్నీ కలిసిన వెర్జాస్కా కమ్యూన్‌లో వెయ్యి మంది కూడా లేరు. నది ముప్ఫై కిలోమీటర్లు తిరిగి చేరుకునేది తన పాత జనం దగ్గరికే. చిన్న ఊరి గురించి రాయబోయేవారు కొరిప్పో చర్చి ముందు ఆగి తలలు లెక్కించి వెనుదిరగకుండా, దయచేసి టెనెరో దాకా రండి. అక్కడి పాత కాగితాల్లో లోయ ఇంటిపేర్లు చదివాక అంకె రాయండి.