ఇనుముమీది అక్షరములు

అమలాపురమున మా బంధువుల యింట కొబ్బరికాయలు వలుచుటకు వాడిన పాత బాయొనెట్టొకటి గలదు. సైన్యమున పనిచేసిన ఆ యింటి పెద్ద తెచ్చినది. ఇప్పుడు దానిని అమ్మదలచినారు.

దానిపై 1907 అని యున్నది. అది చేసిన యేడని పలువురు తలచెదరు. నిజమునకది నమూనా పేరు; చేసిన నెలయు సంవత్సరమును దాని క్రింద చిన్న అంకెలలో నుండును. కిరీటము రాజును, బాణపుగుర్తు సర్కారు సొత్తును, గుణకారపుగుర్తు అలుగును వంచి చూచిన పరీక్షను తెలుపును. కొన్నిటిపై ఆర్.ఎఫ్.ఐ. అని యుండును; అది బెంగాలులోని ఈశాపూరు రైఫిలు కర్మాగారము. గుర్తులు స్ఫుటముగా నున్నచో వెల హెచ్చును. తోమి మెఱిపించినచో తగ్గును. 1913లో మానివేసిన కొక్కెము నిలిచియున్నచో మఱింత ప్రియము.

రాజు, కర్మాగారము, పరీక్షకుడు, అందఱును ఆ యినుముపై నున్నారు. మోసిన మనుష్యుడు మాత్రము లేడు. అమ్మువారు ముందుగా ఆయన పేరు, ఊరు, పోయిన యుద్ధము కాగితముపై వ్రాసి యింట నుంచవలెను. ఆయన కూతురు జీవించియుండగనే ఆ పని జరుగవలెను.