పొట్టి కుక్కకు పొడుగు దరఖాస్తు

మా అక్కయ్య వేల్సు దేశంలో, పెంబ్రోక్‌షైరు అనే జిల్లాలో ఉంటుంది. మా బావగారు అక్కడి ఆస్పత్రిలో పాతికేళ్లు డాక్టరుగా పనిచేసి, విరమించిన రెండేళ్లకే కాలం చేశారు. ఒక్కగానొక్క కొడుక్కి లండనులో ఉద్యోగం. "అంత ఇంట్లో ఒక్కతీ ఏం చేస్తుందిరా, వెళ్లి తీసుకురా" అని మా అమ్మ పోరగా పోరగా, 2024 వేసవి సెలవుల్లో నేను బయలుదేరాను. వెళ్లినది అక్కయ్యను వెంటబెట్టుకు రావడానికి. తీరా చేసి వచ్చినది, ఆవిడకు ఒక కుక్కను ఇప్పించమని దరఖాస్తు రాసిపెట్టడం! ఇదెలా జరిగిందో విన్నవించుకుంటాను.

లండనులో రైలెక్కి, స్వాన్సీలో దిగి మరో బండి మారి, పడమటికి పోగా పోగా హేవర్‌ఫర్డ్‌వెస్ట్ అనే ఊరు వస్తుంది. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం అదే. చిన్న ఏటి గట్టున, గుట్టమీద పాత కోట మొండిగోడలు. గోదావరి చూసిన కళ్లకు ఆ ఏరు పంటకాలువకంటె గొప్పగా ఏమీ కనిపించదు. కాని గడ్డి మాత్రం! అంత పచ్చదనం మన కోనసీమలో వరి పొట్టకువచ్చే వేళ తప్ప నేనెక్కడా చూడలేదు. ఆ పచ్చిక బయళ్లలో ఆవులు, గొర్రెలు; పైన ఎప్పుడూ కురుద్దామా వద్దా అని ఆలోచిస్తూ ఉండే మబ్బు.

రోడ్డు మీది బోర్డులన్నీ రెండు భాషల్లో ఉంటాయి. మలుపు దగ్గర నేలమీద తెల్లటి అక్షరాలతో 'అరవ్' అని రాసివుంటే, ఇక్కడ కూడా అరవమేనా అని ఆశ్చర్యపోయాను. వెల్షు భాషలో దానికి 'నెమ్మదిగా' అని అర్థమట. జిల్లాలో ఉత్తరాన వెల్షు, దక్షిణాన కొన్ని వందల యేళ్లుగా ఇంగ్లీషు. మధ్య గోడా లేదు, గట్టూ లేదు. ఊరు దాటితే భాష మారుతుంది, అంతే.

మూడో రోజున అక్కయ్య నన్ను పొరుగున ఉన్న రైతుగారింటికి తీసుకువెళ్లింది. దొడ్డి తలుపు తీయగానే ఒక జంతువు నా మడమల చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసింది. నక్కమొహం, నిక్కబొడుచుకున్న చెవులు, బారెడు నడుము, జానెడు కాళ్లు. పెద్ద కుక్కను చేయబోయి కాళ్ల దగ్గర మట్టి చాలక బ్రహ్మదేవుడు అక్కడితో ఆపేశాడేమో అనిపించింది.

"దీన్ని కార్గీ అంటార్రా. దీని పుట్టిల్లు ఈ జిల్లాయే" అన్నది అక్కయ్య.

ఆ పొట్టికాళ్లకు కారణం ఉన్నది. ఇది పశువులను తోలే కుక్క. మొండికేసిన ఆవు మడమను చటుక్కున కొరుకుతుంది. ఆవు కాలు ఝాడించేసరికి ఇది నేలకు అణిగిపోతుంది. తాపు తలమీదుగా పోతుంది. భుజం దగ్గర పది పన్నెండు అంగుళాల ఎత్తు, పది పన్నెండు కిలోల బరువు. ఇంతటి జీవి, దాదాపు ఆరువందల కిలోల ఆవును అదిలిస్తుంది! మనుషుల మడమలు చూసినా దానికి పాత వృత్తి జ్ఞాపకం వస్తుంది కాబోలు.

పేరు సంగతి విన్నప్పుడు నాలోని తెలుగు మాస్టరు లేచి కూర్చున్నాడు. వెల్షులో 'కోర్' అంటే మరుగుజ్జు, 'కి' అంటే కుక్క. రెండూ సమాసంలో కలిసేసరికి 'కి' కాస్తా 'గి' అయిందని చెబుతారు. కూర, కాయ కలిసి కూరగాయ కాలేదూ! చిన్నయసూరి గారి గసడదవాదేశం ఇన్నివేల మైళ్లు వచ్చి, ఒక పొట్టి కుక్క పేరులో కనిపిస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ సంగతి రైతుగారికి వివరించబోయాను. ఆయన మర్యాదగా టీ ఇచ్చాడు.

కార్గీలలో రెండు తెగలు. పెంబ్రోకు ఒకటి, పక్క సీమ పేరిట కార్డిగను మరొకటి. 1934లో అక్కడి కెన్నెలు క్లబ్బువారు ఇవి వేరువేరు జాతులని తీర్మానించారు. ఎలిజబెత్ రాణిగారి కుక్కలు పెంబ్రోకు తెగవి. 1933లో ఆవిడ తండ్రి మొదటిదాన్ని ఇంటికి తెచ్చాడు. 1944లో పద్దెనిమిదో పుట్టినరోజుకు సూసను అనే కుక్కపిల్లను కానుకగా ఇచ్చారు. ఆ సంతతే తరతరాలుగా రాజసౌధంలో పెరిగింది. 2022 సెప్టెంబరులో రాణిగారి శవపేటిక విండ్సరు కోటకు చేరినప్పుడు, ముంగిట రెండు కార్గీలు కనిపెట్టుకుని కూర్చున్న దృశ్యాన్ని లోకమంతా చూసింది.

అక్కయ్యకూ ఆ దృశ్యమే మనసులో నాటుకున్నదట. "మీ బావ పోయాక ఈ ఇంట్లో నేను తలుపు తీస్తే ఎదురొచ్చేవాళ్లు లేరురా" అన్నది ఆ రాత్రి. నేను తెచ్చిన ప్రస్తావనకు అదే జవాబని నాకప్పుడు తెలియలేదు.

ఒక కుక్కపిల్లను కొనుక్కుంటే పోయేది కదా అని పాఠకులు అడగవచ్చు. నేనూ అడిగాను. అక్కయ్య వేళ్లమీద లెక్కవేసింది. "కార్గీ ఆయుర్దాయం పన్నెండు పదమూడేళ్లు. నాకిప్పుడు యాభై ఏడు. డెబ్బై ఏళ్ల దాకా పిల్లకుక్కతో పరిగెత్తలేను. దిక్కులేని పెద్దకుక్క ఉంటే తెచ్చుకుంటాను."

అలాంటి కుక్కలకు గూడు చూపించే సంఘం ఒకటి ఉన్నది. వారి దగ్గర ఏడేళ్ల ఆడకార్గీ ఉన్నదని తెలిసింది. యజమానురాలు బాగా పెద్దదై వృద్ధుల ఆశ్రమంలో చేరిందట. కుక్క పేరు మెల్. అంటే వెల్షులో తేనె. ఒంటి రంగూ అదే.

ఇక దరఖాస్తు. దానికి ఐదు పేజీలు! ఇల్లు సొంతమా, అద్దెదా? పెరటి కంచె ఎత్తెంత? రోజుకు ఎన్నిగంటలు కుక్క ఒంటరిగా ఉండవలసివస్తుంది? నాలుగు గంటలు దాటితే ఏమి ఏర్పాటు చేస్తారు? మెట్లున్నవా? పసిపిల్లలున్నారా? మీరు ఊరు వెళితే ఎవరు చూస్తారు? మీకే ఏదైనా జరిగితే ఎవరు తీసుకుంటారు?

"మీ బావ పెళ్లిచూపులకు వచ్చినప్పుడు నాన్న ఆయన్ని ఇన్ని ప్రశ్నలు అడగలేదురా!" అని నవ్వింది అక్కయ్య.

నాలుగో పేజీలో నవ్వు ఆగిపోయింది. 'ఇంతకు ముందు ఏ జంతువునైనా పెంచి వదులుకున్నారా? ఎందువల్ల?' అన్నది ప్రశ్న.

నేను 'లేదు' అని రాయబోయాను. అక్కయ్య నా చేతిలోంచి కలం తీసుకున్నది.

"మోతీ?" అన్నది.

1982లో మేము కోనసీమలోని మా ఊరు విడిచి కాకినాడకు మారాము. అప్పుడు నాకు ఐదేళ్లు, అక్కయ్యకు పదిహేను. ముక్తేశ్వరం రేవులో సామాను పంటు మీదికి ఎక్కించారు. మోతీ ఇంటినుంచి మా వెనకాలే వచ్చింది. బస్తీలో అద్దె ఇంటివాళ్లు కుక్కను రానివ్వరని నాన్న దాన్ని గట్టునే ఉంచేశాడు. పంటు కదిలింది. అది నీళ్లలో మోకాటిలోతు దాకా దిగి, ఆగి, వెనక్కి వెళ్లి ఇసుకలో కూర్చున్నది. మేము కోటిపల్లి రేవు చేరేదాకా అక్కయ్య అటే చూస్తూ నిలబడిందట. నాకా సంగతి లీలగా జ్ఞాపకం. ఆవిడకు నిన్న జరిగినట్టున్నది.

ఏటేటా నేను క్లాసులో తిక్కనగారి మహాప్రస్థానిక పర్వం కథ చెబుతాను. వెంటవచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజు గురించి చెబుతూ గొంతు పెంచుతాను. ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. ఒక్కసారీ మోతీ నా తలపుకు రాలేదు.

అక్కయ్య ఆ గడిలో ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో రాసింది. చోటు చాలక అంచులమీద కూడా రాసింది. "ఇది చదివితే ఇవ్వరేమో అక్కయ్యా" అన్నాను. "ఇవ్వకపోతే మానె. అబద్ధం చెప్పి కుక్కను తెచ్చుకోనా?" అన్నది.

వారం తిరిగాక సంఘం తరఫున ఒక ఆవిడ ఇల్లు చూడడానికి వచ్చింది. టేపుతో కంచె కొలిచింది. పొద కింద చేయిపెట్టి సందు ఉన్నదేమో చూసింది. మెట్లముందు నిలబడి తల అడ్డంగా తిప్పింది. కార్గీకి నడుము పొడుగు. మెట్లు దూకినా, సోఫామీదనుంచి ఉరికినా వెన్నెముకలో పూసల నడుమ బిళ్లలు జారే ప్రమాదం ఉన్నదట. అడ్డు తలుపు పెట్టించాలన్నది. వంటింట్లో ఉల్లిపాయల బుట్ట చూసి, ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్ కుక్కలకు విషమని చెప్పింది. మన సాంబారూ పాయసమూ ఆ విధంగా నిషేధించబడ్డాయి. తిండి తూచి పెట్టాలి; ఒళ్లు వస్తే ఆ నడుము మోయలేదు. రెండు పొరల బొచ్చు ఏడాది పొడుగునా రాలుతూనే ఉంటుంది. మెడ కింద చర్మంలో బియ్యపుగింజంత చిప్పు ఉంటుంది. 2016 నుంచి ఆ దేశంలో అది చట్టం. మీరు పెంచలేకపోతే ఇంకొకరికి ఇవ్వరాదు, అమ్మరాదు, మాకే తిరిగి అప్పగించాలి అని ఒప్పందం చూపించింది.

తరువాత నాలుగో పేజీ తిప్పింది. చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. ఆ విషయం మీద ఏమీ అనలేదు. "ఇప్పుడు మీరు ఊరు మారవలసివస్తే?" అని మాత్రం అడిగింది.

అక్కయ్య నావైపు చూసింది. ఆ రెండు పొరల బొచ్చుతో గోదావరి జిల్లా రోహిణికార్తెలో ఆ కుక్క ఎలా బతుకుతుందని నేను అప్పటికే ఆలోచించి ఉన్నాను. ఇద్దరమూ ఒకే లెక్క వేస్తున్నామని తెలిసింది. 'మారను' అని ఆవిడ చెబితే నా ప్రయాణం వృథా. 'మారతాను' అంటే కుక్క రాదు.

"అక్కయ్య ఇక్కడే ఉంటుందండీ" అన్నాను నేను.

అంతవరకు ఆ మాట ఆవిడ నాతో అనలేదు, నేను అడగనూ లేదు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. తనకేదైనా జరిగితే అన్న ప్రశ్నకు, పొరుగు రైతుగారి భార్య సంతకం చేసింది.

పదిరోజులకు అనుమతి వచ్చింది. మెల్ వచ్చిన మొదటిరోజు ఇల్లంతా వాసన చూసి, బావగారి కుర్చీ కింద దూరి పడుకున్నది. రెండోరోజు ముద్ద ముట్టలేదు. మూడోరోజు అక్కయ్య బజారునుంచి వచ్చి తలుపు తీసేసరికి, పొట్టి కాళ్లమీద గునగున పరిగెత్తుకుంటూ ఎదురొచ్చింది. అక్కయ్య సంచీ అక్కడే దించి నేలమీద కూర్చుండిపోయింది.

నేను తిరిగి బయలుదేరిన రోజున ఇద్దరూ స్టేషనుకు వచ్చారు. బండి కదిలింది. ప్లాటుఫారం మీద అక్కయ్య, పక్కన మెల్. కిటికీలోంచి కనిపించినంతసేపు చూశాను. వాళ్లు కూడా అలాగే నిలబడి చూశారు.

ఇంటికి రాగానే అమ్మ నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని వీధివైపు చూసింది. జరిగినదంతా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

"మోతీ సంగతి కూడా రాసిందా?" అన్నది చివరకు.

"రాసిందమ్మా."

పైటచెంగు సర్దుకుని, కాసేపాగి అడిగింది: "ఆ కుక్క పెరుగన్నం తింటుందిట్రా?"