మంచులో పడుకున్న చెట్టు

సికింద్రాబాద్‌లో పాతబడ్డ మేడల పిట్టగోడల మీద రావి మొక్కలు మొలుస్తుంటాయి. నాటినవారూ లేరు, నీళ్లు పోసేవారూ లేరు. పిట్ట వదిలిన గింజ చాలు. పగుల్లోకి వేళ్లు దూర్చుకుని కొన్ని బయటికి వాలి, కిందికి వేలాడతాయి. కొండచరియల మీద ఇలా వాలిన చెట్ల తీరుకే జపాన్ బోన్సాయ్‌లో ‘కెంగై’ అని పేరు. జలపాతంలా కిందికి దూకే వామన వృక్షం. కొమ్మ కొస తొట్టి అడుగుకన్నా కిందికి దిగాలి.

మారేడుపల్లిలో ఉండే ఆ రైల్వే పెద్దాయనకు ఈ పిచ్చి ఉద్యోగంలో ఉండగానే పట్టుకుంది. రైల్ నిలయంలో ఫైళ్లు, ఇంటికొస్తే తొట్లు. డాబా మీద ఒక జువ్వి మొక్కను ఇరవై ఏళ్లపాటు కెంగైగా పెంచారు. వంచడం ఒక్కటే అయితే ఎవరైనా చేస్తారు. చెట్టు బలమంతా పైకే పరుగెడుతుంది, నేలచూపు చూసే కొమ్మ చిక్కిపోతుంది. అందుకే పై చిగుళ్లు తుంచుతూ, కింది కొసను ముట్టుకోకుండా వదిలేయాలి. చలి గొడవ ఆయనకెప్పుడూ లేదు. నలభై దాటే ఎండకు నీడ కట్టడంతోనే సరిపోయేది.

2018 వేసవిలో షికాగో దగ్గర ఉన్న కూతురింటికి వెళ్లారు. ఊరికే కూర్చోలేక నర్సరీలో జూనిపర్ మొక్క కొన్నారు. అల్యూమినియం తీగ చుట్టి, మాను విరగకుండా విడతలుగా కిందికి దించారు. తొట్టి మాత్రం మార్చలేదు. ఒకే ఏడు తీగ చుట్టడం, వేళ్లు కత్తిరించడం రెండూ చేస్తే మొక్క తట్టుకోదు. అక్టోబరులో తిరిగొచ్చారు. ఆ తరవాత గుండె పరీక్షలు, ఇక విమానాలొద్దని డాక్టరు మాట. మళ్లీ వెళ్లి ఆ మొక్కను చూసుకునే దారి మూసుకుపోయింది.

జువ్వికైతే చలికాలం ఇంట్లో చోటివ్వాల్సిందే. జూనిపర్ ధర్మం వేరు. దానికి చలిలో నిద్ర కావాలి. జాలిపడి హీటర్ వెచ్చదనంలోకి తెస్తే మెల్లగా చచ్చిపోతుంది. అందులోనూ మోసమే, ప్రాణం పోయాక కూడా వారాల తరబడి పచ్చగానే ఉంటుంది. మనం నీళ్లు పోస్తూనే ఉంటాం! అలాగని తొట్టిని గట్టు మీద వదిలేయనూ కూడదు. కొమ్మలకున్న ఓర్పు వేళ్లకు లేదు. వేళ్లు గడ్డకడితే నీళ్లు పైకి రావు, పొడిగాలికి ఆకు ఎండుతుంది.

నవంబరులో ఆయన ఫోన్‌లో చెబుతుంటే కూతురు గోడవార గుంట తవ్వింది. వేలాడే చెట్టును నిలబెట్టి పాతడం కుదరదు, తొట్టిని పక్కకు పడుకోబెట్టాలి. తడిపి, మట్టి కప్పి, ఎండుటాకులు పోసి, కుందేళ్లు బెరడు కొరక్కుండా చుట్టూ వల కట్టింది. తరవాత మంచు కురిసింది. మంచు కూడా దుప్పటే.

2019 జనవరి 30న షికాగోలో మైనస్ 30 డిగ్రీలు. వార్త విన్న పెద్దాయన ఆగలేకపోయారు. “ఈ ఒక్క రాత్రికి లోపలికి తెచ్చేయమ్మా.”

“మీరే కదా నాన్నా వద్దన్నది! నేలంతా రాయైపోయింది, ఇప్పుడు తవ్వితే వేళ్లు తెగుతాయి.”

ఆయన మాట్లాడలేదు. నిజానికి ఆ అమ్మాయిదే సరైన మాట.

మార్చిలో మంచు కరిగి చెట్టు బయటపడింది. ఆకు రాగిరంగు తిరిగింది. చలికి జూనిపర్ రంగు మారడం మామూలే, కానీ ఫొటోలో చూసినవాడికి నమ్మకం ఎలా? గోటితో బెరడు కాస్త గీకమన్నారు. లోపల పచ్చగా ఉంది.

ఏప్రిల్‌లో లోతైన తొట్టిలోకి మార్చారు. అక్కడ రాత్రి, ఇక్కడ తెల్లవారుజాము. తీగ బెరడులోకి దిగుతోందేమోనని ప్రతి చుట్టూ వీడియోలో చూపించమన్నారు. ఆగస్టులో ఆమె కత్తెర పట్టుకుని పైకొమ్మలు సరిచేసి, కింది కొస దగ్గరికి వచ్చేసరికి ఫోన్‌లోంచి కేక వినిపించింది.

“దాన్ని ముట్టుకోకు తల్లీ!”