కొండపోచమ్మ కట్టమీద ఒక సాయంకాలం

జగదేవ్‌పూర్‌లో మా చిన్నమ్మ కుమారుడు కట్టుకున్న ఇంటి ప్రతిష్ఠ కూడికకు పిలుపు వచ్చినప్పుడు, మేమిద్దరం భువనగిరి దాకా రైలులో వెళ్లి, అక్కడి నుండి తుర్కపల్లి మీదుగా బస్సులో చేరుకున్నాము. ఒకప్పుడు మెదక్ జిల్లాలో ఉన్న ఈ మండలం 2016 అక్టోబరు నుండి సిద్దిపేట జిల్లాలో ఉన్నది. దారి పొడవునా పత్తి చేలు, మక్క చేలు, నడుమ నడుమ గుట్టలు. కూడిక, భోజనాలు ముగిసేసరికి మూడు గంటలైంది. "వదినా, డ్యాము చూడకుండ పోతరా?" అని తమ్ముడు ఆటో పిలిపించాడు.

తీగుల్ నర్సాపూర్‌లోని కొండపోచమ్మ పేరునే పక్కనున్న మర్కూక్ మండలంలోని జలాశయానికి పెట్టారు. 15 టీఎంసీల గోదావరి నీరు పట్టే ఆ జలాశయాన్ని 2020 మే 29న ప్రారంభించారు. బోరు ఎండితే దిగాలుపడిన ఊళ్ల నడుమ ఇంత నీరు నిలిచి ఉండడం చూచి మాకు మాట రాలేదు. కట్టమీద పిల్లలు, ముసలివారు, పల్లీలు అమ్మేవారు, అందరి చేతుల్లోను ఫోన్లు.

తమ్ముడు మాత్రం ఫోను తీయలేదు. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లకు వీడియో తీసి బ్రతుకుతున్నవాడు! ఎందుకని అడిగితే నీళ్లవైపు చూపించాడు. 2025 జనవరి 11న హైదరాబాదు నుండి విహారానికి వచ్చిన యువకులలో ఐదుగురు ఈ నీళ్లలోనే మునిగి చనిపోయారు. ఆ వార్త మేమూ చదివాము. కాని ఇక్కడ నిలబడి వింటే వేరుగా ఉన్నది.

ఆ మాట మమ్మల్ని బియాస్ నది దగ్గరకు తీసుకొనిపోయింది. ప్రియ పాఠకులారా, మీలో చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. 2014 జూన్ 8, ఆదివారం. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి ఇంకా వారం కాలేదు. హైదరాబాదు వి.ఎన్.ఆర్. విజ్ఞాన జ్యోతి ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో మండి జిల్లా థలౌట్ దగ్గర నదిలోకి దిగి, బండల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎగువనున్న లార్జి డ్యాము నుండి నీరు వదిలారు. 24 మంది విద్యార్థులు, వారితో ఉన్న యాత్రా నిర్వాహకుడు కొట్టుకొనిపోయారు. దేహాల కోసం వెదకడం వారాల తరబడి సాగింది.

కొద్ది రోజులకు, ఎవరో తీసిన చిన్న వీడియో టీవీలో వచ్చింది. నది నడుమ బండమీద పిల్లలు ఒకరినొకరు పట్టుకొని నిలబడి ఉన్నారు. చుట్టూ నీరు పెరుగుతున్నది. అంతే. ఆ కొద్ది క్షణాలనే ఛానళ్లు మళ్లీ మళ్లీ తిప్పాయి. మేమూ మళ్లీ మళ్లీ చూచాము. పక్కింటివారిని కూడ పిలిచి చూపించాము. చెప్పడానికి సిగ్గుగా ఉన్నది. మా అబ్బాయి అప్పుడు వేరే కళాశాలలో ఇంజనీరింగే చదువుతున్నాడు. లోపలి నుండి వచ్చి టీవీ కట్టేశాడు. "వాళ్ల అమ్మలు కూడా చూస్తుంటారు కదమ్మా" అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరమూ మాట్లాడలేదు.

ఇదంతా చెబితే తమ్ముడు ఒప్పుకోలేదు. "అది తియ్యకపోతే ఏమవు వదినా? నీళ్లు మెల్లగ వచ్చినయి, పిల్లలే ఆగలేదు అందురు. ఎంత జల్ది పెరిగినయో అందరు చూసిన్రు. తీసినోడు మంచి పనే చేసిండు."

అతని మాటలో నిజమున్నది. హెచ్చరిక వినబడలేదని బ్రతికి బయటపడిన పిల్లలు చెప్పారు, సైరన్ మోగించామని అక్కడి విద్యుత్తువారు చెప్పారు. హైకోర్టు ఆ కేసును తనంతట తానే చేపట్టి, 2016లో ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పునిచ్చింది. పోయిన బిడ్డ రాడు గాని, లెక్క అడిగినవారున్నారు.

అమెరికాలో అధ్యక్షుడు కెనెడీని 1963 నవంబరు 22న డల్లాస్‌లో కాల్చినప్పుడు, అబ్రహాం జప్రూడర్ అనే బట్టల వ్యాపారి తన 8 మిల్లీమీటర్ల ఇంటి కెమెరాతో తీసిన సుమారు 26 సెకన్ల ఫిలిమే ఆ ఘోరానికి ముఖ్య సాక్ష్యమైంది. ఆయన దానిని పత్రికకు అమ్మాడు, అది నిజమే. కాని తల పగిలిన ఆ ఒక్క చిత్రం మాత్రం అచ్చు వేయవద్దని కోరాడు. ఫిలిం అంతా అమెరికా టీవీలో అందరూ చూడడానికి 1975 వరకు పట్టింది. బియాస్ పిల్లల తల్లులకు కొద్ది రోజుల గడువు కూడ దొరకలేదు.

"ఔ గని, తీసుడు వేరు, తిప్పి తిప్పి చూపెట్టుడు వేరు" అన్నాడు తమ్ముడు చివరకు. అక్కడ మేమిద్దరమూ తలూపాము.

చీకటి పడుతుండగా ముగ్గురు కుర్రవాళ్లు వచ్చి, తమ ఫోను తమ్ముని చేతిలో పెట్టి, "అన్నా, నీళ్లల్ల నిలబడ్తం, ఒక్క వీడియో తియ్యవా" అన్నారు. "తీస్త. ముందుగాల కట్టమీదికి ఎక్కుండ్రి" అన్నాడు. వాళ్లు కొంచెం అలిగారు. అయినా ఎక్కారు. వాళ్ల మూడు మొఖాలూ, వెనుక ఎర్రబడిన నీళ్లూ పడేలా తీసి, ఫోను తిరిగి ఇచ్చి, వాళ్లు మోటారు సైకిలు ఎక్కేవరకు అక్కడే నిలబడ్డాడు. మా బస్సు తప్పిపోయింది. ఆ రాత్రి కొత్త ఇంటిలోనే పడుకున్నాము.