మోపుకో చెయ్యి

అక్టోబర్ వచ్చేసరికి మా పెరట్లో మూడు కార్డుల కట్టె పేర్చి ఉంది. వెర్మాంట్‌లో కట్టెని కిలోల్లో కొలవరు, కార్డుల్లో కొలుస్తారు. నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న పేర్పు ఒక కార్డు. పచ్చిగా ఉన్నప్పుడు దాదాపు రెండు టన్నులు తూగుతుంది. ఆ మూడు కార్డుల్నీ కోసిందీ, లాక్కొచ్చిందీ, చీల్చిందీ, పేర్చిందీ నేనే. పుస్తకాలు తప్ప బరువేదీ మోసి ఎరగని నేను యాభై రెండేళ్ల వయసులో ఈ మాట అనగలిగినందుకు చాలా గర్వపడ్డాను. ఆ గర్వం మీద నాకే అనుమానం వచ్చిన సంగతి చెప్పాలి.

కట్టె పక్కింటావిడ అడవిలోది. ఆసియా నుంచి వచ్చిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగు 2018లో వెర్మాంట్‌లో కనబడింది. దాని పిల్లపురుగులు బెరడు కింద తొలుచుకుంటూ పోయి యాష్ చెట్లని నిలువునా ఎండగొట్టేస్తాయి. అలా ఎండిన మానుని పడగొట్టడం ప్రమాదం. ఆవిడ చెట్లు కొట్టేవాళ్లని పిలిపించి ఆ పని చేయించింది, పడిన మాన్లు నన్ను తీసుకోమంది. చైన్‌సా పట్టడం కూడా ఆవిడే నేర్పింది. డెబ్బై దాటిన మనిషి.

దుంగల్ని పదహారంగుళాల మొద్దులుగా కోసి, మంచు ఉండగానే స్లెడ్ మీద లాక్కొచ్చి, వసంతంలో చీల్చాను. చీల్చేదాన్ని మాల్ అంటారు. ఒకవైపు లావుపాటి గొడ్డలి, మరోవైపు సమ్మెట, మూడున్నర కిలోల బరువు. మొదట్లో బలమంతా పెట్టి నడిమధ్యన కొట్టేదాన్ని. అది కాస్తా ఇరుక్కుపోయేది. “కొట్టే ముందు మొద్దుని చూడు” అనేది ఆవిడ. కోసిన ముఖం మీద సన్నటి బీటలుంటాయి. అంచు దగ్గర మొదలుపెట్టి ఆ బీట వెంటే కొట్టాలి. యాష్ తిన్నగా విచ్చుకుంటుంది. ఎల్మ్ నార మెలికలు తిరిగి ఉంటుంది, దాని జోలికి పోకూడదు. చీల్చినవాటిని గాలి ఆడేలా పేర్చి వేసవంతా ఎండనివ్వాలి. తేమ ఇరవై శాతానికి దిగకపోతే పొగే తప్ప మంట రాదు. ఆ పొగలోని జిడ్డు గొట్టం లోపల పేరుకుని ఏదో ఒకరోజు అదే అంటుకుంటుంది.

తడికట్టె సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నర్సీపట్నం దగ్గర మా ఊళ్లో శ్రావణమాసం వానల్లో అమ్మ పొయ్యి ముందు కూచుని ఊదుగొట్టంతో ఊదుతూనే ఉండేది. కళ్లు చింతనిప్పుల్లా ఉండేవి. మొద్దులు చీల్చడానికి మాత్రం ఒక మనిషొచ్చి, కూలి పుచ్చుకుని వెళ్లేవాడు. ఆడవాళ్లు గొడ్డలి తాకకూడదనేది మామ్మ. చీల్చేది మగవాడు, దానికి కూలి. మండించేది ఆడది, దానికి దగ్గు. శ్రమ విభజన గురించి పాఠం చెప్పేటప్పుడల్లా ఇరవయ్యేళ్లుగా ఈ ఉదాహరణే ఇస్తున్నాను.

ఆ ఉదాహరణలో ఒక మనిషిని వదిలేశాను. రోజువారీ పుల్లలు కొండ మీంచి ఒకామె తెచ్చేది. తెల్లవారకముందే కత్తి పట్టుకుని కొండెక్కి, ఎండుకొమ్మలు తనే కొట్టి, తనే మోపు కట్టి, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని దిగొచ్చేది. గొడ్డలి తాకకూడదన్న నియమం మా ఇళ్ల ఆడవాళ్లకే. ఆమె చేతిలో కత్తి ఎవరికీ తప్పుగా తోచలేదు.

మోపు ఎత్తుకోడానికైనా, దించుకోడానికైనా ఇంకో మనిషి చెయ్యి కావాలి. ఆమె దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి “ఓ చెయ్యెయ్యండమ్మా” అనేది. ఎవరూ వేసేవారు కాదు. ఆమెని ముట్టుకుంటే స్నానం చెయ్యాలి. బేరం తెగేదాకా మోపు నెత్తి మీదే ఉండేది. ముప్పై కిలోలకి తక్కువుండదని, కట్టె బరువు నా చేతులకి తెలిశాక ఇప్పుడు అనుకుంటున్నాను. బేరం కుదిరాక గోడవైపు తిరిగి, మోకాళ్లు వంచి, మోపుని గోడకి ఆనించి జారవిడిచేది. మెడ పట్టేసి కాసేపు అలాగే ఉండిపోయేది.

నా పదో ఏట ఒకసారి వెళ్లి చెయ్యి వేశాను. మామ్మ నన్ను నూతి దగ్గర నిలబెట్టి బట్టలతో సహా నీళ్లు పోసింది. తిట్టింది మాత్రం ఆమెని. “పిల్లకి తెలీదు సరే, నీకు తెలీదూ?” అంది. ఆ రోజు డబ్బులు తగ్గించి గట్టు మీద పెట్టింది. ఆమె మాట్లాడకుండా తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు ఆమె గొంతు వినబడినప్పుడు నేను లోపలే ఉండిపోయాను. ఆ తర్వాత కూడా అంతే. నన్నెవరూ ఆపలేదు.

మొన్న ఫిబ్రవరిలో స్లెడ్ మంచులో కూరుకుపోయింది. పక్కింటావిడ కిటికీలోంచి చూసి, బూట్లు తొడుక్కుని వచ్చి, రెండో తాడు పట్టుకుంది. నేను పిలవలేదు. “ఒక్కదానివే ఎందుకు?” అంది. నాకు మా దొడ్డి గుమ్మం గుర్తొచ్చింది.

ఇక్కడ నన్నందరూ మెచ్చుకుంటారు. తోటి అధ్యాపకులు ఫొటోలు చూసి స్వావలంబన అంటారు. ఇంటి కింది గదిలో ఆయిల్ ఫర్నేస్ ఉంది. నడుం పట్టేస్తే మీట నొక్కుకుంటాను, ఇల్లు వెచ్చబడుతుంది. మానెయ్యగలిగిన పని కాబట్టే నా కట్టెకి అంత పేరు. మానితే ఇల్లు గడవని ఆమె పనిని ఎవరూ స్వావలంబన అనలేదు.

1974లో రేణి గ్రామంలో గౌరాదేవి, తోటి ఆడవాళ్లు చెట్లకి అడ్డం నిలబడిన సంగతి ఏటా పాఠం చెప్తాను. వంటచెరకు కొరత మీద బీనా అగర్వాల్ 1986లో తెచ్చిన ‘కోల్డ్ హార్త్స్ అండ్ బ్యారెన్ స్లోప్స్’ చదివిస్తాను. ‘స్త్రీలు’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా అమ్మ ఊదుగొట్టాన్నే చూసుకున్నాను. అమ్మా ఆమే ఆ ఒక్క మాటలో ఇమిడిపోతారనుకోవడం నాకు సుఖంగా ఉండేది. అమ్మ ఊపిరితిత్తుల నిండా పొగ పీల్చిన మాట నిజం. ఆ పొగ తాలూకు కట్టె దించడానికి చెయ్యి వెయ్యనిదీ అమ్మే. నేనూ.

ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం 1999లో, దేశమంతటా ఉజ్వల 2016లో వచ్చాయి. మా ఇంటికి గ్యాసు అంతకు చాలా ముందే వచ్చింది. ఆ నెల నుంచి ఆమె రావడం మానేసింది. కాదు, మేమే వద్దన్నాం. సిలిండరు ఉన్నా మళ్లీ నింపించుకునే డబ్బు చాలక కట్టెలే వెలిగించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇళ్లలోని పొయ్యిల పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నా పొయ్యి పొగ గొట్టంలోంచి ఇంటి కప్పు మీదికి పోతుంది.

కిందటి ఆదివారం అమ్మకి ఫోన్ చేశాను.

“కట్టెలు తెచ్చే ఆమె పేరేంటమ్మా?”

“ఎవరే?”

“దొడ్డి గుమ్మం దగ్గరికొచ్చేది.”

అమ్మ కాసేపు మాట్లాడలేదు. “పేరెప్పుడూ అడగలేదే. మంచి కట్టె తెచ్చేది. మోపులో చితుకులు కలిపేది కాదు” అంది. తర్వాత దగ్గు తెర వచ్చి ఫోన్ పెట్టేసింది.

వచ్చే ఏడాది కట్టె ఇంకా అడవిలోనే ఉంది. ఈసారి ఒక్కదాన్నే తెచ్చుకోవాలన్న పంతం లేదు. దుంగలు ఎత్తడానికి ఓ చెయ్యి వేస్తారా అని పక్కింటావిడని అడిగాను.

“ఎన్నింటికి రమ్మంటావు?” అంది.