తాజంగి ఒడ్డున అద్దె ఇల్లు

సెలవులకి ఎక్కడికైనా వెళ్దామనుకుంటే మగవాళ్ళు అద్దె ఎంతో కనుక్కుంటారు, పిల్లలు ఫోన్ సిగ్నల్ ఉందో లేదో కనుక్కుంటారు. మనలాంటి ఇళ్ళల్లో ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది. "వండుకోడానికి వీలుంటుందా?" వీలుంది అంటే అందరికీ సంబరమే. హోటల్ ఖర్చు మిగులుతుంది, పెద్దవాళ్ళకి కడుపు పాడవదు, పిల్లలు వేళకి తింటారు. అన్నీ నిజమే. ఆ వంట ఎవరు చేస్తారన్నది మాత్రం ఎవరూ అడగరు.

మా చోడవరం చుట్టుపక్కల నీళ్ళకి కొదవ లేదు. (అనకాపల్లి జిల్లా అయినా నోటికి ఇంకా విశాఖ జిల్లా అనే వస్తుంది.) దేవరాపల్లి దగ్గర రైవాడ, చీడికాడ వైపు కోనాం, రావికమతం వైపు కల్యాణపులోవ. కాస్త దూరం వెళ్తే పక్షులొచ్చే కొండకర్ల ఆవ. కార్తీకమాసంలో పులిహోర, దద్దోజనం క్యారేజీలకి కట్టుకుని వెళ్ళి, ఉసిరిచెట్టు కింద తిని, చీకటి పడేలోపు ఇంటికొచ్చేస్తాం. నీళ్ళ ఒడ్డున రాత్రిళ్ళు ఉండి రావడం మాత్రం మాకు తాజంగిలోనే మొదలు.

లంబసింగి పేరు మీరందరూ వినే ఉంటారు. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాముల్లో చలి సున్నా దాకా దిగిపోతుంది. అందుకే ఆంధ్రా కశ్మీర్ అన్నారు. దాన్ని దాటి ఇంకొంచెం ముందుకెళ్తే తాజంగి జలాశయం. చుట్టూ కొండలు, మధ్యలో కదలని నీళ్ళు. లంబసింగిలో ఉన్నంత జనం అక్కడ ఉండరు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల గుడారాలు, గదులు, మొత్తం ఇల్లు కూడా అద్దెకిస్తున్నారు.

సంక్రాంతి అయ్యాక తొమ్మిది మందిమి బయల్దేరాం. అత్తయ్య, మామయ్య, మేము నలుగురం, మా మరిది, తోటికోడలు, వాళ్ళబ్బాయి. మావారు ఫోన్‌లో నాలుగైదు ఇళ్ళు చూసి, గ్యాస్ పొయ్యి ఉన్న ఇల్లే రెండు రాత్రులకి మాట్లాడారు. ఇక బండిలోకి బియ్యం, కందిపప్పు, పోపులడబ్బా, కుక్కరు, క్యానుడు దోసెల పిండి ఎక్కాయి. బీఎన్ రోడ్డు గోతుల్లో నర్సీపట్నం చేరేదాకా ఆ పిండి క్యాను నా ఒళ్ళోనే ఉంది.

మర్నాడు తెల్లారి ఆరింటికి అందరూ దుప్పట్లు కప్పుకుని గట్టు మీదకి వెళ్ళారు. నేనూ, తోటికోడలూ కాఫీలు కలిపి పంపాం. తర్వాత దోసెలు. ఒకరికి కారం తక్కువ, ఒకరికి నూనె లేకుండా. కుళాయి నీళ్ళకి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. గిన్నెలు కడిగి, మేమిద్దరం శాలువాలు కప్పుకుని బయటికొచ్చేసరికి తొమ్మిది దాటింది. ఎండ వచ్చేసింది. నీళ్ళ మీద పొగమంచు ఎలా ఉందో మా అబ్బాయి ఫోన్‌లో చూపించాడు. "చాలా బావుంది" అన్నాం ఇద్దరం.

మధ్యాహ్నానికి ఏం వండాలా అని నేను ఉల్లిపాయలు తీస్తుంటే అత్తయ్య లోపలికొచ్చారు. ఆవిడకి డెబ్భై రెండేళ్ళు. ఎక్కువ మాట్లాడరు. "ఏటమ్మా, అక్కడా పొయ్యేనా, ఇక్కడా పొయ్యేనా? ఆపీ" అన్నారు. ఆవిడే చెప్పులేసుకుని ఆ ఇంటి వెనక ఉండే ఇంటావిడ దగ్గరికి వెళ్ళారు. గిరిజన మహిళ, ముప్పై అయిదేళ్ళుంటాయి. భోజనం పెడతావా అంటే, ఎంతమంది అని అడిగి, మనిషికింత, కోడి కూరైతే ఇంత అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. టీకి కూడా ధర చెప్పింది.

మా మామయ్యగారు "పప్పు, అన్నానికి అంతా?" అన్నారు. దానికి అత్తయ్య "కట్టెలు ఆవిడే తేవాలి, నీళ్ళు ఆవిడే మొయ్యాలి, గిన్నెలు ఆవిడే తోమాలి. లెక్క సరిగ్గానే చెప్పింది" అన్నారు. మామయ్యగారు మళ్ళీ మాట్లాడలేదు.

ఆ పూట రాజ్మా కూర, నాటుకోడి, వేడన్నం. చింతపల్లి వైపు రాజ్మా బాగా పండిస్తారు. గింజ చిన్నగా ఉన్నా రుచి ఎక్కువ. అత్తయ్య గట్టు మీద కుర్చీలో కూర్చుని, ఒళ్ళో కంచం పెట్టుకుని, నీళ్ళకేసి చూస్తూ నిదానంగా తిన్నారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై మూడేళ్ళు. అందరికీ వడ్డించకుండా ఆవిడ అన్నం తినడం నేను చూసింది ఆరోజే.

తోటికోడలు తర్వాత నాతో అంది: "అక్కా, మనం చేసే పనే కదా ఆవిడా చేసింది." ఔను, పని ఒక్కటే. ఆవిడ చేస్తే దానికో రేటు ఉంది. మనం చేస్తే "ఇంటి తిండి" అనే పేరొక్కటే మిగిలింది.

కొండ దిగుతుంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళే ఆ రోడ్డు వేయడానికి బాస్టియన్ అనే బ్రిటిష్ కాలపు డిప్యూటీ తహశీల్దారు గిరిజనులకి కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. అల్లూరి పితూరీకి ఉన్న కారణాల్లో అదొకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో ఆ తిరుగుబాటు మొదలైంది. ఊరికే చేయించుకున్న పని ఎవరో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు గుర్తుకు రాక మానదు.

మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే నాకు తెలిసినవి చెప్తాను. ఏజెన్సీలో 1/70 చట్టం వల్ల భూమి గిరిజనేతరుల పేరుకి మారకూడదు. కాబట్టి ఇల్లు ఎవరిదో, డబ్బు ఎవరికి చేరుతుందో ముందే అడగండి. అక్కడ ఉండే మనిషికే ఇవ్వగలిగితే మంచిది. వేడినీళ్ళు ఉన్నాయా, దుప్పట్లు ఎన్ని, పెద్దవాళ్ళకి కమోడ్ ఉందా, రాత్రి కరెంటు పోతే దీపం సంగతేంటి, ఇవి కనుక్కోండి. స్వెట్టర్లు, టోపీలు, ఒక టార్చి, పిల్లల మందులు తీసుకెళ్ళండి. తెల్లారి ఆరు నుంచి ఎనిమిది లోపే అసలు అందం, ఆ రెండు గంటలూ ఇంటిల్లిపాదీ బయటే ఉండేలా చూసుకోండి.

భోజనం మాత్రం అక్కడి ఆవిడకే చెప్పండి, బేరమాడకండి. మా తొమ్మిది మందికి ఆ పూట అయిన ఖర్చు బండి డీజిల్‌లో సగం కూడా కాలేదు. డీజిల్ ధర ఎక్కువని ఎవరూ బంకులో బేరమాడలేదు మరి.