నాగపూర్‌లో నాలుగు డకోటాలు

దేశపటంపై ఢిల్లీ నుంచి చెన్నైకి ఒక గీత, ముంబై నుంచి కోల్‌కతాకు మరొక గీత గీస్తే, ఆ రెండూ ఖండించుకునే చోటికి సమీపంలో నాగపూర్ నగరం కనిపిస్తుంది. ఆ నగరంలో ఒక ఇసుకరాతి స్తంభం, దాని చెంత పరుగుదీస్తున్నట్లు మలచిన నాలుగు గుర్రాల బొమ్మలు ఉన్నాయి. బ్రిటిష్ పాలనాకాలంలో దూరాల కొలతకు గుర్తుగా నిలిపిన ఈ ‘జీరో మైల్’ చిహ్నాన్ని దేశానికి కేంద్రబిందువని స్థానికులు సగర్వంగా చెప్పుకుంటారు. భూగోళశాస్త్రం ఆ మాటను ఎంతవరకు ఒప్పుకుంటుందన్న చర్చ అలా ఉంచుదాం. 1949వ సంవత్సరంలో మొదలై రెండు దశాబ్దాలకు పైగా, అర్ధరాత్రి వేళ నాగపూర్ నిజంగానే దేశానికి కేంద్రబిందువుగా పనిచేసింది.

ఆ కాలంలో రాత్రి వైమానిక తపాలా అనే ఏర్పాటు ఉండేది. రఫీ అహ్మద్ కిద్వాయ్ కేంద్రంలో కమ్యూనికేషన్ల మంత్రిగా ఉన్నప్పుడు రూపుదిద్దుకున్న పథకమిది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల నుంచి రాత్రివేళ ఒక్కొక్క విమానం బయలుదేరేది. నాలుగూ నడిరేయి నాగపూర్ సోనేగావ్ విమానాశ్రయంలో కలుసుకునేవి. అక్కడ తపాలా సంచులను, ప్రయాణికులను మార్చుకుని తెల్లవారేసరికి తిరిగి తమ తమ నగరాలకు చేరేవి. సాయంకాలం మద్రాసులో పెట్టెలో వేసిన ఉత్తరం మరునాడు ఢిల్లీలో బట్వాడా కావడం ఆనాటి ప్రజలకు అబ్బురమే. అదే సంవత్సరం దేశంలోని ఉత్తరాలను అదనపు రుసుము లేకుండా విమానాల్లో పంపే పద్ధతి కూడా అమలులోకి వచ్చింది.

ఈ ఏర్పాటు మా నలుగురు మిత్రుల ఊహను ఎందుకు ఆకట్టుకున్నదో చెప్పాలంటే ముందు మా సంగతి కొంత చెప్పాలి.

నలుగురు మిత్రులు, నాలుగు పలకలు

సుమారు ముప్పై ఏళ్ల క్రితం శిక్షణార్థులుగా ఒకే హాస్టలులో ఉన్న మేము బదిలీల కారణంగా నాలుగు దిక్కులకు చెదిరిపోయాము. ఒకరు ఢిల్లీ కార్యాలయంలో, ఒకరు ముంబైలో, మరొకరు కోల్‌కతాలో, నేను చెన్నైలో. విమానాల నమూనాలు చేయడం మాకు హాస్టలు నాటి నుంచి ఉన్న వ్యసనం. జెట్ విమానాలపై మాకెవరికీ మోజు లేదు. ఇంజను తిరుగుతుంటే కంటికి కనిపించే ప్రొపెల్లరు విమానాలే మాకు ప్రియమైనవి. సంఘం, సభ్యత్వం, చందా వంటివేమీ లేకుండా ఏడాదికొక పని కలిసి చేయాలని అనుకున్నాము. మొదటి పనిగా నాగపూర్ అర్ధరాత్రి దృశ్యాన్ని ఎంచుకున్నాము.

నమూనా కొలత 72లో ఒకటవ వంతు. డకోటా రెక్కల వెడల్పు 95 అడుగులు, అంటే సుమారు 29 మీటర్లు. ఈ లెక్కన నమూనా రెక్కలు 40 సెంటీమీటర్లు వస్తాయి. నాలుగు విమానాలు నిలిచే నేలగా 120 సెంటీమీటర్ల చదరపు పలక కావాలి. అంత పలకను రైలులో తీసుకుపోవడం అసాధ్యం కనుక దానిని 60 సెంటీమీటర్ల చదరాలుగా నాలుగు భాగాలు చేశాము. ఒక్కొక్క నగరంలో ఒక్కొక్క పలక, దానిపై ఆ నగరం నుంచి వచ్చే డకోటా తయారుకావాలి. నాలుగు పలకలూ నాగపూర్‌లోనే మొదటిసారి కలుసుకోవాలి.

నాలుగు ఊళ్లలో నలుగురు విడివిడిగా వేసిన రంధ్రాలు ఒకదానికొకటి సరిపోతాయా? ఇంజనీర్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. ముంబై మిత్రుడు ఒక ఉక్కు రేకుపై రంధ్రాలు వేసి జిగ్ తయారుచేశాడు. అది తపాలాలో నాలుగు ఊళ్లూ తిరిగింది. అందరమూ దాని ఆధారంగానే పలకల అంచులకు రంధ్రాలు వేసుకున్నాము.

డకోటా కథ

డకోటా మూలరూపమైన డగ్లస్ డీసీ-3 తొలిసారి గాలిలోకి లేచినది 1935 డిసెంబరు 17న. రెండవ ప్రపంచయుద్ధంలో దాని సైనిక రూపం వేల సంఖ్యలో తయారైంది. యుద్ధం ముగియగానే మిగులు విమానాలు మనదేశంలో చౌకగా దొరికాయి. అలాంటి వాటిని పౌర విమానాలుగా మార్చే పనిలో బెంగుళూరులోని హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం పాలుపంచుకున్నది. ప్రభుత్వరంగ ఉద్యోగులమైన మనకు ఇది సంతోషం కలిగించే విషయం. హైదరాబాదు బేగంపేట కేంద్రంగా నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా డకోటాల మీదనే ఆధారపడింది. 1953 ఆగస్టు 1న ఎనిమిది కంపెనీలను విలీనం చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌ను ఏర్పాటు చేసినప్పుడు దానికి సంక్రమించిన 99 విమానాలలో 74 డకోటాలే.

ఈ చరిత్ర నమూనాపై ఒక చోట స్పష్టంగా కనిపించాలి. అది తలుపు. విమానం ఎడమవైపు, తోక దిశగా, జీపు పట్టేంత వెడల్పైన రెండు రెక్కల తలుపు ఉంటే అది సైనిక జన్మ ఎత్తిన విమానమని గుర్తు. మన డకోటాలలో అత్యధికం అటువంటివే. తపాలా సంచులు ఎక్కించడానికి ఆ తలుపే వరమైంది. పద్నాలుగు సిలిండర్ల ఇంజనులో ముందువరుసలోని ఏడే బయటికి కనిపిస్తాయి కనుక మేము ఆ ఏడింటిని శ్రద్ధగా చేసి, వెనుక వరుసను నల్లరంగుతో సూచించాము. ఈ కొలతలో పదోవంతు మిల్లీమీటరు మందమున్న రంగుపూత అసలు విమానంపై ఏడు మిల్లీమీటర్లతో సమానం. అందుచేత రంగు పలుచగా వేయడం, ఉప్పుకాగితంతో నునుపు చేయడం, మళ్లీ వేయడం – నెలల తరబడి సాగిన పని ఇదే.

విమానాల పేర్లు, నెంబర్ల దగ్గర మాత్రం వాదన జరిగింది. తొలి రాత్రి ఏ నగరం నుంచి ఏ నెంబరు విమానం వచ్చిందో చూపే ఆధారం మాకు దొరకలేదు. అందమైన నెంబర్లు వేద్దామన్నాడు ఢిల్లీ మిత్రుడు. ఆధారం లేని అక్షరం డ్రాయింగుపై వేయనివాళ్లం నమూనాపై ఎందుకు వేయాలని కోల్‌కతా మిత్రుడు ఉత్తరం రాశాడు. చివరకు నాలుగింటి మీదా భారతదేశపు విమానాలకు గుర్తైన ‘వీటీ’ అన్న రెండక్షరాలు మాత్రమే వేసి, తక్కిన చోటు ఖాళీగా విడిచాము.

ప్రయాణం

గత శీతాకాలంలో ఒక శనివారం నాగపూర్‌లో కలవాలని నిశ్చయించుకున్నాము. నేను పలకను పెట్టెలో భద్రపరచి చెన్నైలో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. పెట్టె క్రింది బెర్తు అడుగున సరిగ్గా పట్టింది. విజయవాడ నిద్రలో దాటిపోయింది. రామగుండం విద్యుత్కేంద్రం పొగగొట్టాలు, ఆ వెంటనే మంచు కప్పిన గోదావరి, మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గు సీమ, సిర్పూర్ కాగజ్‌నగర్ – తెలుగునేల ఇక్కడ తన పరిశ్రమలతో మనకు వీడ్కోలు చెబుతుంది. బల్లార్షా దాటాక స్టేషనులో వినిపించే పిలుపులు మరాఠీలోకి మారతాయి. రైలుదారి మొత్తం సుమారు 1,100 కిలోమీటర్లు. మద్రాసు డకోటా ఎగిరిన గగనమార్గం 900 కిలోమీటర్లే.

దారిలో కాగితంపై ఒక లెక్క వేసుకున్నాను. డకోటా వేగం గంటకు 260 కిలోమీటర్లనుకుంటే బొంబాయి నుంచి నాగపూర్‌కు రమారమి రెండు గంటల నలభై నిమిషాలు పడుతుంది. ఢిల్లీ నుంచి మూడు గంటల ఇరవై, మద్రాసు నుంచి మూడున్నర, కలకత్తా నుంచి మూడు గంటల నలభై అయిదు నిమిషాలు. నాలుగూ ఒకేసారి దిగాలంటే కలకత్తా విమానం బొంబాయి విమానం కంటే గంటకు పైగా ముందు లేవాలి. ఎదురుగాలి వీచినా, ఒక ఇంజను మొరాయించినా దాని ఫలితం ఆ ఒక్క నగరంతో ఆగదు. కలకత్తా సంచులు రాకపోతే మిగిలిన మూడు విమానాలూ ఆ నగరపు ఉత్తరాలు లేకుండానే వెనుదిరగాలి, లేదా వేచి ఉండాలి. కంప్యూటర్లు లేని కాలంలో, వాన రాత్రులలో, ఇంత సున్నితమైన లంకెను ఏళ్ల తరబడి నడిపినవారి క్రమశిక్షణ ఎంతటిదో ఈ చిన్న లెక్కతోనే బోధపడింది.

దానికి చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు. 1953 డిసెంబరు 12న నాగపూర్ నుంచి మద్రాసుకు లేచిన తపాలా డకోటా కొద్దిసేపటికే కూలిపోయింది. పద్నాలుగు మందిలో పదముగ్గురు మరణించారు. నేను మోసుకువస్తున్న పెట్టెలోని విమానం ఆ మార్గానిదే.

సోనేగావ్ దగ్గర

నాగపూర్‌లో ఢిల్లీ, ముంబై మిత్రులు అప్పటికే వచ్చి ఉన్నారు. ముగ్గురమూ జీరో మైల్ చూశాము. రాతిపై చెక్కిన దూరాలలో హైదరాబాదు 318 మైళ్లు అన్న అక్షరాలు చదివినప్పుడు స్వస్థలం పలకరించినట్లయింది. అక్కడి నుంచి విమానాశ్రయానికి వెళ్లాము. సోనేగావ్ విమానాశ్రయం నేడు డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ పేరుతో అంతర్జాతీయ విమానాశ్రయంగా ఎదిగింది. రాత్రి తపాలా 1970వ దశకంలో నిలిచిపోయింది. డకోటాలు నిలిచిన నేలను ప్రహరీ బయట నుంచి ఊహించుకోవడమే తప్ప చూపించేవారు లేరు. కాసేపు మౌనంగా నిలబడి వచ్చాము.

సాయంకాలం మా బసకు స్థానిక సహోద్యోగి ఒక పెద్దాయనను వెంటబెట్టుకు వచ్చారు. వయస్సు ఎనభై అయిదు దాటింది. యౌవనంలో సోనేగావ్‌లో తపాలా సంచుల విభజన చేసిన ఉద్యోగి. అందరమూ ఆయనను ‘కాకా’ అని పిలిచాము. అప్పటికి బల్లపై మూడు పలకలు, మూడు విమానాలు బిగించి ఉన్నాయి. ఆయన చాలాసేపు పరిశీలించి, విమానాలు బాగున్నాయని, అయితే ఇవి వేచి ఉన్న విమానాల్లా ఉన్నాయని హిందీలో అన్నారు. అది అక్షరాలా నిజం. నాలుగవ పలక ఇంకా రాలేదు.

కోల్‌కతా మిత్రుడికి అంతకు నాలుగు నెలల ముందు గుండెకు శస్త్రచికిత్స జరిగింది. ప్రయాణానికి వైద్యులు అంగీకరించలేదు. ఆయన పలకను కార్యాలయంలోని ఒక యువ ఇంజనీరు తీసుకువస్తున్నాడు. రైలు ఆరు గంటలు ఆలస్యమని కబురు వచ్చింది. కాకాను ఇంటికి పంపిద్దామని మేము ఆటో పిలవబోతే ఆయన కదలలేదు. “కలకత్తా రానిదే విభజన ఎలా మొదలవుతుంది? నేను ఆగుతాను” అన్నారు.

రాత్రి పదకొండు దాటాక ఆ యువకుడు పెట్టెతో దిగాడు. మూత తీసి చూస్తే, ఆ పలకపై డకోటాతో పాటు సంచులు విభజించే షెడ్డు ఉన్నది. మా ప్రణాళిక ప్రకారం షెడ్డు ఆయన వంతే. కాని షెడ్డు ముందు రెండున్నర సెంటీమీటర్ల ఎత్తైన ఇరవైముగ్గురు మనుషులు ఉన్నారు. సంచి భుజానికెత్తినవాడు, పలకమీద లెక్క రాసుకునేవాడు, తలపాగా చుట్టుకుని బండి తోసేవాడు, చలికి చేతులు రుద్దుకునేవాడు. జిగురులో తడిపిన నూలుగుడ్డతో చేసిన, సెంటీమీటరు పొడవైన సంచులు గుట్టగా ఉన్నాయి. చికిత్స తరువాత చెయ్యి వణకడం వల్ల రోజుకు ఒక మనిషికి మాత్రమే రంగు వేయగలిగానని ఆయన చీటీలో రాశాడు.

బోల్టులు రంధ్రాలలో నిరాటంకంగా దిగాయి. కోల్‌కతా తేమకు ఆ పలక కొంచెం ఉబ్బి అంచు ఒక మిల్లీమీటరు ఎత్తుగా నిలిచింది. మిగిలిన మూడింటి కింద పలుచని ఇత్తడి రేకులు పెట్టి నాలుగింటినీ సమం చేశాము. ఆ పలకను గీకడానికి ఎవరికీ మనసొప్పలేదు. కాకా కళ్లజోడు సవరించుకుని బొమ్మలను ఒక్కొక్కటిగా లెక్కించారు. బండి తోసేవాడి దగ్గర వేలు ఆపి, తాము అలాగే వంగి తోసేవారమని చెప్పారు. కోల్‌కతాకు ఫోను చేసి ఆయన చేతికిచ్చాము. ఇద్దరూ ఏమి మాట్లాడుకున్నారో మేము వినలేదు. ఆయన కన్నీరు తుడుచుకోవడం మాత్రం చూశాము.

తిరుగు తపాలా

ఆదివారం ఉదయం పలకలు విడదీసినప్పుడు ఎవరి పలకను వారు తీసుకుపోలేదు. ఆ రాత్రి విమానాలు సంచులు మార్చుకున్నట్లే మేమూ పలకలు మార్చుకున్నాము. యువ ఇంజనీరు మద్రాసు పలకతో కోల్‌కతా రైలెక్కాడు. ఇరవైముగ్గురు మనుషులున్న కోల్‌కతా పలక నా పెట్టెలో చెన్నై చేరింది.

పెద్ద సంస్థలలో పనిచేసే మనలో చాలామందికి తాము చేసేది మొత్తం పనిలో ఒక పలక మాత్రమేనన్న భావన కలుగుతూ ఉంటుంది. ఒక చోట తయారైన భాగం మరొక చోట బిగుస్తుంది. అది ఎలా పనిచేసిందో మొదటి చోటివారికి తరచు తెలియదు. ఒకే జిగ్‌ను అందరూ నమ్మడం, చెప్పిన వేళకు చేరడం, ఆలస్యమైనవారి కోసం ఆగడం – ఈ మూడూ ఉంటే ఎంత దూరంలో చేసిన భాగాలైనా కలుస్తాయని సోనేగావ్ రాత్రులు రుజువు చేశాయి.

కోల్‌కతా మిత్రుడు వచ్చే సంవత్సరం పదవీ విరమణ చేయనున్నాడు. అంతకు ముందే మరొకసారి నాగపూర్‌లో నాలుగు పలకలూ కలపాలని నిర్ణయించాము. ఈసారి మద్రాసు పలకను ఆయన స్వయంగా తీసుకురావడానికి వైద్యులు అనుమతించారు. కాకాకు కూడా కబురు పంపాము.